కోర్టు హాల్లో బొమ్మ గీసే ఆర్టిస్టు: పద్ధతి, సామాను, చట్టం, సంపాదన

కుంచె_కరీంనగర్
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో పెయింటింగ్ కోర్సు ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఎదురుగా కదలకుండా కూర్చునే మోడల్ ఉంటే పోలిక పట్టగలను. అమెరికా, లండన్ కోర్టుల నుంచి టీవీలో వచ్చే రంగు బొమ్మలు చూసినప్పుడల్లా ఈ పని నేర్చుకోవాలనిపిస్తోంది. లోపలికి ఏమేం తీసుకెళ్ళనిస్తారు, ఎంతసేపట్లో పూర్తి చేయాలి, డబ్బు ఎవరిస్తారు, మన కోర్టుల్లో ఈ పనికి చోటుందా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

రవళి_న్యూజెర్సీ
ఈ వృత్తి ఎందుకు పుట్టిందో తెలిస్తే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి తమ్ముడూ. 1935లో ఇక్కడి ఫ్లెమింగ్టన్ అనే చిన్న ఊళ్ళో బ్రూనో హాప్ట్‌మన్ విచారణ జరిగింది. పేరున్న విమాన చోదకుడు లిండ్‌బర్గ్ పసిబిడ్డ కిడ్నాప్, హత్య కేసు అది. ఫొటోగ్రాఫర్లు, న్యూస్‌రీల్ వాళ్ళు ఊరి మీద పడ్డారు. ఆ గోల చూశాక 1937లో లాయర్ల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ కోర్టు హాల్లో కెమెరాలు వద్దని తన నియమావళిలో రాసుకుంది. 1946లో అమల్లోకి వచ్చిన ఫెడరల్ (అంటే కేంద్ర ప్రభుత్వ) క్రిమినల్ ప్రొసీజర్ రూల్ 53 ఫెడరల్ క్రిమినల్ కోర్టుల్లో ఫొటోలను నిషేధించింది. అది ఇప్పటికీ ఉంది. రాష్ట్రాల కోర్టుల సంగతి వేరు. కెమెరా ఉన్నంతమాత్రాన విచారణ చెడిపోయినట్టు కాదని 1981లో ఛాండ్లర్ వర్సెస్ ఫ్లోరిడా తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పాక అక్కడ చాలాచోట్ల కెమెరాలు వచ్చాయి.

అంటే ఈ పని ఇప్పుడు ఎక్కువగా ఫెడరల్ కోర్టుల్లో, జడ్జి కెమెరా వద్దన్న రాష్ట్ర కోర్టుల్లో ఉంటుంది. మన్‌హటన్‌లో 2011లో రాజ్ రాజరత్నం, 2012లో రజత్ గుప్తా విచారణలు జరిగాయి. రెండూ షేర్ మార్కెట్ ఇన్‌సైడర్ ట్రేడింగ్ మీద నడిచిన ఫెడరల్ కేసులే. హాలు లోపలి దృశ్యం అంటూ మనవాళ్ళు చూసినవన్నీ చేత్తో గీసినవే.

బొమ్మ విలువ ఏపాటిదో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 1969 అక్టోబరులో వియత్నాం యుద్ధ వ్యతిరేక నిరసనల మీద షికాగోలో జరిగిన విచారణలో, జడ్జి ఆదేశంతో ముద్దాయి బాబీ సీల్‌ను కుర్చీకి కట్టేసి, నోటికి గుడ్డ కట్టారు. హాల్లో కెమెరా లేదు. సీబీఎస్ టీవీకి గీసిన హోవర్డ్ బ్రోడీ, ఇంకా ఫ్రాంక్లిన్ మెక్‌మాన్ లాంటివాళ్ళ బొమ్మలే ఆ దృశ్యానికి కంటి సాక్ష్యం. మెక్‌మాన్ 1955లోనే నల్లజాతి కుర్రాడు ఎమ్మెట్ టిల్ హత్య విచారణను లైఫ్ పత్రిక కోసం గీశాడు. బ్రోడీ అంతకుముందు రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల పత్రికకు బొమ్మలు గీసినవాడు. కెనెడీ హత్య కేసు నిందితుణ్ణి కాల్చిన జాక్ రూబీ విచారణకు కూడా 1964లో వెళ్ళాడు. చూసినదాన్ని వేగంగా, అబద్ధం కలపకుండా గీసే అలవాటు ఆయనకు యుద్ధరంగంలో పడింది. నా దృష్టిలో కోర్టు ఆర్టిస్టు రంగులు పట్టుకున్న రిపోర్టర్. చిత్రకారుడన్న మాట ఆ తర్వాతే.

పెన్సిల్_పొడి
రవళిగారు చెప్పినదానికి నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. ఇక పని జరిగే తీరు చెబుతాను.

విచారణకు కనీసం అరగంట ముందు హాల్లో కూర్చోవాలి. జడ్జిగారు వచ్చేలోపే కదలనివన్నీ గీసేయాలి: డయాస్, వెనక గోడ మీది చిహ్నం, జెండా, సాక్షి బోను, లాయర్ల బల్లలు, తలుపు. వీటిని లేతగా, గీతల్లోనే ఉంచాలి. ఇక్కడే కంటి మట్టం తేల్చుకోవాలి. మీరు కూర్చున్న కుర్చీలోంచి చూస్తే మీ కళ్ళ ఎత్తు ఎదుటి గోడ మీద ఎక్కడికి వస్తుందో చూసి, కాగితం మీద అడ్డంగా ఒక సన్న గీత గీయండి. తర్వాత వచ్చే ప్రతి తలా ఆ గీతను బట్టే కూర్చోవాలి. ఇది వదిలేస్తే ఒక్కో మనిషి ఒక్కో గదిలో ఉన్నట్టు వస్తుంది. కొత్తవాళ్ళ బొమ్మల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. ఒక్కో మొహాన్ని ఒక్కో సమయంలో గీస్తాం కాబట్టి ఈ తేడా గీసేటప్పుడు కంటికి ఆనదు, ఇంటికొచ్చి చూసుకుంటే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రెండో సంగతి. ముద్దాయి మొహం ఎదురుగా కనిపించేది తలుపులోంచి లోపలికి వచ్చే ఆ అయిదారు సెకన్లే. కూర్చున్నాక మనకు వీపే. కాబట్టి ఆ క్షణానికి పెన్సిల్ కాగితం మీద పెట్టుకుని సిద్ధంగా ఉండాలి. పెద్ద కాగితం మీద కాదు, పక్కన పెట్టుకున్న చిన్న కాగితం మీద. అప్పుడు పట్టాల్సినవి నాలుగే: తల ఆకారం మొత్తంగా, జుట్టు మొదలయ్యే గీత, కనుబొమ నుంచి ముక్కు చివరకు ఎంత దూరం, మెడ భుజాల్లోకి ఎలా దిగుతోంది. కళ్ళు తర్వాత చూసుకోవచ్చు. ముప్పై నలభై అడుగుల దూరంలో కన్ను అంటే ఒక నీడ మచ్చ. దానికి రెప్పలు, వెంట్రుకలు పెట్టారంటే పోలిక పోతుంది. ఎందుకంటే అవి మీరు చూసినవి కావు, మీకు ముందే తెలిసినవి.

ఆ తర్వాత ముద్దాయి తన లాయరుతో మాట్లాడటానికి తల తిప్పిన ప్రతిసారీ పక్క మొహం దొరుకుతుంది. మనిషి ఒకే భంగిమలోకి మళ్ళీ మళ్ళీ వస్తాడు. చెయ్యి గడ్డం కింద పెట్టుకోవడం, ముందుకు వంగడం, కళ్ళజోడు తీసి తుడుచుకోవడం. మొదటి పది నిమిషాలు ఆ అలవాటు ఏమిటో కనిపెడితే, అది తిరిగి వచ్చినప్పుడల్లా కాస్త కాస్త గీయవచ్చు. చేతులను మాత్రం వదలొద్దు. దూరం నుంచి మొహంలో కనపడని ఆందోళన చేతుల్లో కనపడుతుంది.

కుంచె_కరీంనగర్
చెయ్యి చాచి పెన్సిల్‌తో కొలత తీసుకోవడం కాలేజీలో నేర్పారు. అది కోర్టులో కుదురుతుందా సార్?

పెన్సిల్_పొడి
కుదరదు. చెయ్యి పైకెత్తితే పక్కవాళ్ళకు అడ్డం, జడ్జిగారి చూపు మీ మీదికి మళ్ళుతుంది. తలను కొలబద్దగా పెట్టుకోండి. జడ్జి తల ఒక కొలత అనుకుంటే, డయాస్ ఎత్తు ఎన్ని తలలు, లాయరు ఎన్ని తలల దూరంలో ఉన్నాడు అని కంటితోనే లెక్కవేసుకోవాలి.

రంగుల_రజియా
సామాను గురించి నేను చెబుతాను.

చాలామంది వాడేది పొడి పేస్టెల్ (సుద్దముక్కలాంటి రంగు కడ్డీ), రంగు కాగితం మీద. కారణం వేగం. మధ్యరకం గోధుమ లేదా బూడిద రంగు కాగితం తీసుకుంటే సగం పని కాగితమే చేసిపెడుతుంది. నీడకు ఒక ముదురు రంగు, వెలుగుకు ఒక లేత రంగు, మధ్యది కాగితమే. తెల్ల కాగితమైతే ప్రతి అంగుళం నింపుకోవాలి. 160 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) రంగు కాగితం చాలు. అంతకన్నా పలచనిది చెరిపితే లేచిపోతుంది.

పేస్టెల్ కడ్డీలు 24కు మించి తీసుకెళ్ళొద్దు. ఎక్కువైతే వెతుక్కోవడానికే సమయం పోతుంది. మన చర్మపు రంగుకు బర్న్ట్ సియెన్నా, రా అంబర్, ఎల్లో ఓకర్, ఒక ఇటుక ఎరుపు. నీడకు నలుపు వాడొద్దు, ముదురు ఊదా లేదా ముదురు నీలం వాడండి. నలుపు రుద్దితే చర్మం మసిగా కనపడుతుంది. కడ్డీలను ముందే సగానికి విరిచి, పై కాగితం తీసేసి, రేకు పెట్టెలో నురగ వేసి వరసగా పెట్టుకోవాలి. విరిచిన ముక్కను పక్కకు తిప్పి రుద్దితే కోటు మొత్తం మూడు నాలుగు దెబ్బల్లో అయిపోతుంది.

ఎక్కడ దెబ్బతింటుందంటే, మొదటి పొరనే గట్టిగా రుద్దేస్తారు. కాగితం గరుకు నిండిపోయి తర్వాతి రంగు అంటదు, జారిపోతుంది. అప్పుడు మొహం సరిదిద్దుకునే దారి ఉండదు. మొదటి పొర ఎప్పుడూ గట్టిరకం పేస్టెల్‌తో, చెయ్యి తేల్చి వేయాలి. మెత్తటివి చివర్లో, వెలుగు పడిన చోట మాత్రమే.

రెండోది పొడి. పక్కన కూర్చున్న రిపోర్టరు బట్టల మీద పడితే రేపటి నుంచి మీ పక్కన ఎవరూ కూర్చోరు. ఊదకూడదు. పరీక్ష అట్ట కింది అంచుకు కాగితాన్ని మడిచి చిన్న తొట్టిలా అంటిస్తే పొడి అందులో పడుతుంది. అరచెయ్యి కింద బటర్ పేపర్ తప్పనిసరి. బెజవాడ మే నెలలో చెమట చెయ్యి ఒక్కసారి ఆనితే మొహం మొత్తం చెరిగిపోతుంది.

ఫిక్సేటివ్ స్ప్రే (రంగు పొడిని కాగితానికి అతికించేది), కట్టర్ బ్లేడు సెక్యూరిటీ దగ్గరే ఆగిపోతాయి. పెన్సిళ్ళు ఇంటి దగ్గరే డజను చెక్కి పెట్టుకోండి. చెరపడానికి పుట్టీ రబ్బరు. మామూలు రబ్బరు చప్పుడు చేస్తుంది, పొట్టు రాలుతుంది.

పేజీమేకప్_బెజవాడ
రజియాగారూ, వాటర్‌కలర్ వాడేవాళ్ళు కూడా ఉన్నారు కదా?

రంగుల_రజియా
ఉన్నారండి. కాలిఫోర్నియాలో విక్కీ బెరింజర్ ఇంకు గీత మీద వాటర్‌కలర్ వేస్తారు. 2005లో శాంటా మరియాలో మైకేల్ జాక్సన్ విచారణకు ఆమె, బిల్ రోబ్లెస్ ఇద్దరూ గీశారు. నీళ్ళు లోపల నింపుకునే వాటర్ బ్రష్ అయితే గిన్నె అక్కర్లేదు. కానీ ఆరే సమయం కావాలి, తప్పు దిద్దుకోవడం కష్టం. లోపల గీతలు మాత్రమే గీసి, రంగుల పేర్లు అంచున రాసుకుని, బయటికొచ్చి రంగు వేయడం ఒక మంచి పద్ధతి. మన కోర్టుల్లో రంగులకు ఒప్పుకోకపోతే ఇదే దారి.

ఇంకో మాట. మన కోర్టుల్లో నల్లకోట్ల సమస్య పెద్దది. హాల్లో సగంమంది నల్లకోటు, తెల్ల బ్యాండ్. అన్నీ నలుపుతో నింపితే బొమ్మ మధ్యలో గొయ్యిలా ఉంటుంది. ముందు వరుస కోట్లకే ముదురు నీలం, వెనకవాళ్ళకు కాగితం రంగునే వదిలి అంచు గీత మాత్రం. ట్యూబ్‌లైటు పైనుంచి పడుతుంది కాబట్టి భుజాల మీద చల్లటి లేత నీలం ఒక్క గీత చాలు, కోటు విడిపోతుంది.

పేజీమేకప్_బెజవాడ
డెస్కు వైపు నుంచి కొన్ని కొలతలు రాసుకోండి. బొమ్మ ఎంత బాగున్నా చట్రంలో ఇమడకపోతే పనికిరాదు.

ఏ3 కాగితం 42 x 29.7 సెంటీమీటర్లు. దాని మీద 40 x 22.5 చట్రం గీసుకోండి, టీవీకి కావలసిన 16:9 వచ్చేస్తుంది. ఆ చట్రంలో కింది అయిదున్నర సెంటీమీటర్లలో ఎవరి మొహమూ పెట్టొద్దు. స్క్రోలింగ్, బ్రేకింగ్ పట్టీ అక్కడే వచ్చి కూర్చుంటాయి. ఇప్పుడు ఫోన్లో నిలువు వీడియో కూడా అడుగుతున్నారు. 22.5 ఎత్తుకు నిలువు చట్రం వెడల్పు పన్నెండున్నర సెంటీమీటర్లు. ముఖ్యమైన మనిషి, అతనితో మాట్లాడుతున్న మనిషి ఆ పన్నెండున్నరలో ఇమిడేలా కూర్చితే ఒకే బొమ్మ రెండింటికీ పనికొస్తుంది.

పేపర్లో నాలుగు కాలమ్‌లకు కుదిస్తే 40 సెంటీమీటర్ల బొమ్మ సుమారు 16కు వస్తుంది. అంటే మీరు గీసిన మొహం రెండున్నర సెంటీమీటర్లుంటే అచ్చులో ఒక్క సెంటీమీటరు. అంతకన్నా చిన్నగా గీసిన మొహం న్యూస్‌ప్రింట్ మీద మచ్చయిపోతుంది.

ఫొటో తీయడం: స్ప్రే కొట్టకముందే తీయండి. ఫిక్సేటివ్ రంగును ముదురు చేస్తుంది. ఎండలో కాదు, వరండా నీడలో. ఫ్లాష్ వద్దు. ఫోను వైడ్ లెన్సు వాడితే అంచుల్లోని మనుషులు సాగిపోతారు, కాబట్టి రెండు మూడు అడుగుల దూరం జరిగి మామూలు లెన్సుతో తీయాలి. ముదురు కాగితమైతే ఫోను దాన్ని తెల్లగా చేసేస్తుంది, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించుకోండి. వివరణలో ఏ కోర్టు, ఏ తేదీ, ఎవరెవరు, ఏ సమయంలోని దృశ్యం, గీసినవారి పేరు. ఈ అయిదూ లేని బొమ్మను డెస్కు వాడకూడదు.

అడ్వకేట్_నాంపల్లి
కూర్పు గురించి ఒక ప్రశ్న. టీవీలో వచ్చే బొమ్మల్లో జడ్జి, సాక్షి, ముద్దాయి పక్కపక్కనే ఉన్నట్టుంటారు. నిజానికి ముప్పై అడుగుల దూరం ఉంటుంది. ఇది తప్పుడు చిత్రణ కాదా?

పెన్సిల్_పొడి
దూరాన్ని దగ్గరకు లాగడం అందరూ చేసేదే సార్. ఉన్నది ఉన్నట్టు పెడితే మధ్యలో ఖాళీ నేల, మొహాలు గింజలంత. జూమ్ లెన్సు కూడా చేసేది అదే.

అడ్వకేట్_నాంపల్లి
జూమ్ లెన్సు అన్నిటినీ ఒకేలా దగ్గర చేస్తుంది. మీరు ఎవరిని దగ్గర చేయాలో ఎంచుకుంటున్నారు, అదీ తేడా. సాక్షి ఏడుస్తున్న క్షణాన్నీ, అరగంట తర్వాత ముద్దాయి నవ్విన క్షణాన్నీ ఒకే బొమ్మలో పెడితే, ఆమె ఏడుస్తుంటే వాడు నవ్వాడని చదువరి అనుకుంటాడు. అది జరగలేదు. కేసు విచారణలో ఉండగా అలాంటి బొమ్మ అచ్చయితే నిష్పాక్షికమైన, సరైన రిపోర్టు అన్న రక్షణ మీకు దొరకదు. కోర్టు ధిక్కార చట్టం 1971లోని సెక్షన్ 4 కాపాడేది అలాంటి రిపోర్టునే.

రవళి_న్యూజెర్సీ
ఇద్దరి మాటా వింటే నాకు తోచే గీత ఇది. స్థలాన్ని కుదించవచ్చు, సమయాన్ని కలపకూడదు. ఎడమ వైపున్నవాళ్ళు ఎడమే ఉండాలి, ఎవరు ఎవరి వైపు చూశారో అది మారకూడదు. భావం ఉన్న మొహాలన్నీ ఒకే సంఘటన నాటివై ఉండాలి. 1970 అక్టోబరు 5న హత్యల కేసు ముద్దాయి చార్లెస్ మాన్సన్ పెన్సిల్ పట్టుకుని జడ్జి మీదికి దూకాడు. రోబ్లెస్ గీసిన ఆ బొమ్మ క్షణం పాటు జరిగినదాన్ని చూపిస్తుంది. హాలు, బల్లలు ముందే గీసి ఉండే పద్ధతి వల్లే అలాంటివి సాధ్యం. ఆ క్షణంలో గీయాల్సింది మనిషినే.

పెన్సిల్_పొడి
సమయం కలపకూడదన్న మాట ఒప్పుకుంటాను. దానికి ఒక చిన్న పద్ధతి ఉంది. చిన్న కాగితం మీద మొహం గీసిన ప్రతిసారీ పక్కన గడియారం సమయం, అప్పుడు ఎవరు మాట్లాడుతున్నారు అన్నది రాయాలి. పెద్ద బొమ్మ కూర్చేటప్పుడు దగ్గర దగ్గర సమయాలవే వాడాలి. రిపోర్టరు నోట్‌బుక్‌తో పోల్చుకోవడానికీ పనికొస్తుంది.

కుంచె_కరీంనగర్
ముందురోజు రాత్రి ఇంటర్నెట్‌లో ఫొటోలు చూసి మొహాలు సాధన చేయవచ్చా?

రంగుల_రజియా
చేయాలి. జడ్జి, ఇరుపక్షాల లాయర్ల మొహాలు ముందే చేతికి అలవాటైతే మరునాడు ముద్దాయి మీద దృష్టి పెట్టవచ్చు. కానీ ఫొటో లోపలికి తీసుకెళ్ళి దాన్ని చూసి గీయకూడదు. అరెస్టయిన మనిషి కొన్ని నెలలు జైల్లో ఉన్నాక బరువు తగ్గుతాడు, గడ్డం పెరుగుతుంది, జుట్టు నెరుస్తుంది. జనం తెలుసుకోవాల్సింది ఆ మార్పునే.

బాగా తెలిసిన మొహాల విషయంలో ఇంకా జాగ్రత్త. 2015 ఆగస్టులో మన్‌హటన్ ఫెడరల్ కోర్టులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు టామ్ బ్రాడీ బొమ్మను జేన్ రోసెన్‌బర్గ్ గీస్తే, పోలిక లేదని ప్రపంచమంతా ఎగతాళి చేసింది. అప్పటికి ఆమె ముప్పై ఏళ్ళకు పైగా ఆ పనిలో ఉన్నారు. తక్కువ సమయం, ఎక్కువ మొహాలు ఉన్నప్పుడు ఏ మొహానికి ఎన్ని నిమిషాలు అన్నది ముందే పంచుకోవాలి. అందరికీ తెలిసిన మొహానికి సగం సమయం ఇచ్చి, మిగిలినవాళ్ళను ఆకారాలుగా వదిలేయడం మేలు.

రవళి_న్యూజెర్సీ
అదే రోసెన్‌బర్గ్ 2023 ఏప్రిల్ 4న ట్రంప్ మీద అభియోగాలు వినిపించినప్పుడు గీసిన బొమ్మ న్యూయార్కర్ పత్రిక ముఖచిత్రమైంది. ఆ పత్రిక ఒక కోర్టు బొమ్మను ముఖచిత్రంగా వేయడం అదే మొదటిసారి. ఆరోజు విచారణ మొదలయ్యేముందు అయిదుగురు స్టిల్ ఫొటోగ్రాఫర్లను కాసేపు అనుమతించారు, వీడియో లేదు. మొదలయ్యాక జరిగినదానికి ఆమె, ఎలిజబెత్ విలియమ్స్, క్రిస్టీన్ కార్నెల్ గీసినవే ఆధారం.

ఇక్కడి నియమం ఇంకోటి గుర్తుపెట్టుకో. చాలా విచారణల్లో జ్యూరీ సభ్యుల మొహాలు గుర్తుపట్టేలా గీయకూడదని జడ్జి చెబుతారు. వాళ్ళను ఖాళీ మొహాలతో, కోడిగుడ్డు ఆకారాలుగా వదిలేస్తారు. పేరు బయటపెట్టని సాక్షులకూ అంతే. జుట్టు తీరు, కళ్ళజోడు, బట్టలు కూడా మార్చడం కాదు, అసలు గీయకుండా వదిలేయడమే సరైనది.

లండన్_శర్మ
ఇక్కడి పద్ధతి పూర్తిగా వేరండి, అది తెలియక వచ్చినవాళ్ళు ఇబ్బంది పడతారు. క్రిమినల్ జస్టిస్ చట్టం 1925, సెక్షన్ 41 ప్రకారం కోర్టులో ఫొటో తీయడమే కాదు, ప్రచురణ కోసం జడ్జి, జ్యూరీ, సాక్షి, కక్షిదారుల బొమ్మ గీయడం కూడా నేరం. అందుకని ఆర్టిస్టు లోపల కూర్చుని చూస్తాడు, మాటల్లో నోట్సు రాసుకుంటాడు, బయట ప్రెస్ గదికి వచ్చి జ్ఞాపకం మీద గీస్తాడు. మాల్యా, నీరవ్ మోదీ అప్పగింత కేసులు వెస్ట్‌మిన్‌స్టర్ మేజిస్ట్రేట్స్ కోర్టులో నడిచినప్పుడు మన ఛానళ్ళలో వచ్చిన బొమ్మలు ఆ పద్ధతిలోవే.

నోట్సు ఎలా ఉండాలంటే, వర్ణన కాదు, కొలతలు. "నుదురు మొహంలో మూడో వంతు కన్నా ఎక్కువ. చెవి పైఅంచు కనుబొమ కన్నా కింద. ముక్కు దూలం దగ్గర చిన్న వంపు. కింది పెదవి లావు. టై ముదురు నీలం, ముడి వదులు. ఎడమ భుజం కిందికి." ఇలా రాస్తే చెయ్యి దాన్ని తిరిగి కట్టగలదు. "దిగులుగా ఉన్నాడు" అని రాసుకుంటే బయటికొచ్చాక ఏమీ గీయలేరు. ఒక్కో మనిషిని చూశాక కళ్ళు మూసుకుని మొహాన్ని లోపల ఒకసారి గీసుకోవాలి, ఎక్కడ ఖాళీ కనపడితే అక్కడ మళ్ళీ చూడాలి. విరామం రాగానే బయటికి రావాలి. ఆలస్యం చేస్తే మొహాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

2022 జూలై నుంచి క్రౌన్ కోర్టుల్లో (పెద్ద నేరాలు విచారించేవి) శిక్ష చదివే ఘట్టాన్ని టీవీలో చూపడానికి అనుమతిస్తున్నారు, కానీ కెమెరా జడ్జి మీదే ఉంటుంది. ముద్దాయి కనిపించడు. అందుకే ఆర్టిస్టుల అవసరం తీరిపోలేదు.

కుంచె_కరీంనగర్
నాంపల్లి సార్, మరి మన దగ్గర?

అడ్వకేట్_నాంపల్లి
మన దగ్గర లండన్‌లోలాగా బొమ్మను పేరుపెట్టి నిషేధించిన కేంద్ర చట్టం లేదు. అలాగని హక్కూ కాదు. హాలు మీద అధికారం జడ్జిగారిది. విచారణ బహిరంగ కోర్టులోనే జరగాలన్నది సాధారణ నియమం కాబట్టి వెళ్ళి కూర్చోవచ్చు. గీయాలంటే మాత్రం ముందే బెంచ్ క్లర్కు ద్వారా రాతపూర్వకంగా అడగండి. ఏ కేసు నంబరు, ఏ వాయిదా, ఏ పత్రిక కోసం, కాగితం పెన్సిల్ తప్ప ఇంకేమీ వాడనని, ఎవరి మొహాలు గీయనో కూడా రాయండి. ఆ చివరి వాక్యం అనుమతికి బాగా పనికొస్తుంది.

గీయకూడనివి. లైంగిక నేరాల్లో బాధితురాలిని గుర్తుపట్టేలా ఏదీ ప్రచురించకూడదు, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72. పిల్లల విషయంలో పోక్సో సెక్షన్ 23, జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74. బొమ్మ కదా, ఫొటో కాదు కదా అన్న వాదన నిలవదు. పోలిక తెలిసిందంటే గుర్తింపు బయటపెట్టినట్టే. తల్లిదండ్రుల పోలిక గీసినా అదే ఫలితం. ఇలాంటి కేసులు చాలావరకు మూసిన గదిలోనే నడుస్తాయి కాబట్టి మీరు లోపల ఉండే ప్రశ్నే రాదు.

ఎవరూ చెప్పని ఇంకో జాగ్రత్త. గుర్తింపు పరేడ్ (సాక్షి కొందరిలోంచి నిందితుణ్ణి గుర్తుపట్టడం) పూర్తికాని కేసులో ముద్దాయిని ముసుగుతో తీసుకొస్తారు. సాక్షి ముందే మొహం చూసేశాడని తర్వాత డిఫెన్సు వాదించకుండా ఉండటానికే ఆ ముసుగు. రిమాండ్ దశలో ముసుగు ఉంటే ముసుగునే గీయండి. పాత ఫొటో చూసి మొహం పెట్టారంటే ప్రాసిక్యూషన్ కేసునే దెబ్బతీసినవాళ్ళవుతారు.

చిత్తూరు_గీత
పోలీసులు సాక్షి చెప్పిన గుర్తులతో గీయించే ఊహాచిత్రం, ఈ పని ఒకటేనా?

పెన్సిల్_పొడి
కాదమ్మా. అక్కడ ఆర్టిస్టు మనిషిని చూడడు, సాక్షి మాటలు విని ముక్కలు కూర్చి, మళ్ళీ మళ్ళీ అడిగి దిద్దుతాడు. ఇక్కడ కంటితో చూసినదే గీయాలి. ఆ నైపుణ్యం ఇక్కడికి సగమే పనికొస్తుంది.

పేజీమేకప్_బెజవాడ
సంపాదన సంగతి దాచకుండా చెప్పాలి. అమెరికాలో వీళ్ళు ఎక్కువగా ఫ్రీలాన్సర్లు. ఛానల్‌కో, వార్తా సంస్థకో రోజు లెక్కన పని చేస్తారు. పెద్ద కేసుల్లో కొన్ని సంస్థలు కలిసి ఒకే ఆర్టిస్టు ఖర్చు పంచుకుంటాయి. కేసు రాజీ అయితే, వాయిదా పడితే ఆరోజు పని పోయినట్టే. అసలు బొమ్మలను చాలావరకు కొనేది లాయర్లు. తాము వాదించిన కేసు బొమ్మను ఆఫీసు గోడకు పెట్టుకుంటారు. కొన్ని పెద్ద సంగ్రహాలకు చేరతాయి. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో కోర్టు బొమ్మలు 10,000కు పైగా ఉన్నాయి, 2017లో వాటితో ప్రదర్శన కూడా పెట్టారు.

మన దగ్గర దీన్నే నమ్ముకుని ఇల్లు గడవదు. పత్రికలో ఇలస్ట్రేటర్‌గా ఉంటూ కేసు వచ్చినప్పుడు కోర్టుకు వెళ్ళడమే ఇప్పటికి కుదిరే దారి.

అడ్వకేట్_నాంపల్లి
హక్కుల మాట కూడా రాసుకో బాబూ. కాపీరైట్ చట్టం 1957 సెక్షన్ 17 చదువు. మామూలుగా గీసినవాడే హక్కుదారు. కానీ ఎవరైనా డబ్బిచ్చి పెయింటింగ్ లేదా పోర్ట్రెయిట్ గీయిస్తే, వేరే ఒప్పందం లేకపోతే హక్కు వాళ్ళది. పత్రికలో జీతానికి ఉంటే ప్రచురణ హక్కు యజమానిది, మిగతా హక్కులు నీవి. కాబట్టి ఫ్రీలాన్సుగా వెళ్ళేముందు ఒక్క మెయిల్ అయినా రాయించుకో: ఒకసారి ప్రచురణకే ఇస్తున్నాను, అసలు కాగితం, కాపీరైట్ నావే అని.

కుంచె_కరీంనగర్
లైవ్ స్ట్రీమింగ్ వచ్చాక ఇక బొమ్మ ఎందుకు అని మా క్లాసువాళ్ళు అంటున్నారు.

రవళి_న్యూజెర్సీ
అందులో కొంత నిజముంది. స్వప్నిల్ త్రిపాఠి కేసులో 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ప్రత్యక్ష ప్రసారానికి దారి తెరిచింది, 2022 సెప్టెంబరు 27 నుంచి రాజ్యాంగ ధర్మాసనం వాదనలు ప్రసారమయ్యాయి. అక్కడ బొమ్మ వార్తగా పనికిరాదు. కానీ అది లాయర్లు వాదించే పై కోర్టు. సాక్షి బోనెక్కేది, ముద్దాయి నిలబడేది ట్రయల్ కోర్టులో. అక్కడి విచారణ మన జనం కళ్ళకు ఎప్పుడూ కనిపించదు. గేటు దగ్గర పోలీసు వ్యాను దిగుతున్న మొహమొకటే కనపడుతుంది. ఆ ఖాళీని నింపగలిగేది బొమ్మే. తెలుగు పత్రికలు ఇందులో ఒక ప్రయత్నం చేయాలని గట్టిగా కోరుకుంటాను.

పెన్సిల్_పొడి
ఆ ప్రసారాలనే సాధనకు వాడుకో తమ్ముడూ. సుప్రీంకోర్టు వీడియో పెట్టు, పాజ్ నొక్కొద్దు. మొదట రెండు నిమిషాలకో మొహం, పది మొహాలు. తర్వాత పది నిమిషాల్లో ఇద్దరు మనుషులు, వాళ్ళ మధ్య బల్లతో సహా. ఆ తర్వాత అరగంటలో మొత్తం హాలు. అది కుదిరాక తెరను వదిలి గ్రామసభకో, పంచాయతీ సమావేశానికో వెళ్ళు. అక్కడ జనం లేస్తారు, అడ్డం వస్తారు, వెలుతురు వెనకనుంచి పడుతుంది, నిజమైన హాలు లాగే. లండన్ శర్మగారు చెప్పిన జ్ఞాపకం సాధన కూడా చెయ్యి. అయిదు నిమిషాలు చూసి, పక్క గదిలోకి వెళ్ళి గీసి, తిరిగొచ్చి పోల్చుకో. తేడా ఎప్పుడూ ఒకే చోట వస్తుంటే, చెవి ఎత్తో దవడ వెడల్పో, ఇకమీదట దాన్నే ముందు చూడాలి.

బైనాక్యులర్లు వాడేవాళ్ళు ఉన్నారు. కొనాల్సి వస్తే పెద్ద శక్తివి వద్దు, చేతి వణుకు కూడా పెద్దదవుతుంది. కళ్ళజోడులా తొడుక్కునే రెండింతలు చూపేవి మేలు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కానీ అనుమతి పత్రంలో అది కూడా రాయి.

కుంచె_కరీంనగర్
అందరికీ ధన్యవాదాలు. ఆఖరి ప్రశ్న రజియా మేడమ్‌కు. గీసిన పేస్టెల్ బొమ్మలను ఎలా దాచాలి? మా ఇంట్లో గోడలకు చెమ్మ ఎక్కువ.

రంగుల_రజియా
ఫొటో తీశాక ఆరుబయట, ముప్పై సెంటీమీటర్ల దూరం నుంచి ఫిక్సేటివ్ రెండు పలచని పొరలు. ఒకటి ఆరాకే రెండోది. దగ్గర నుంచి తడిసేలా కొడితే లేత రంగులు మాయమవుతాయి. ఆపైన గ్లాసిన్ కాగితం (నునుపైన పలచటి కాగితం) కప్పి, బల్లపరుపుగా పెట్టాలి. చుట్ట చుట్టొద్దు, పొడి రాలిపోతుంది. ప్లాస్టిక్ కవరులో అసలే పెట్టొద్దు, పొడిని లాగేస్తుంది, చెమ్మను పట్టి ఉంచుతుంది. గోడకు ఆనించిన బీరువా అయితే కింది అర వదిలేసి పై అర వాడు, సిలికా జెల్ పొట్లాలు వేసి వానాకాలంలో మార్చు. వెనక వైపు మెత్తటి పెన్సిల్‌తో కేసు నంబరు, తేదీ, కోర్టు పేరు రాయి. పెన్నుతో రాస్తే ఇంకు ముందువైపుకు ఊరుతుంది.